కారుతున్న సీల్: ల్యాప్ చేయాలా, పారేయాలా?

(బెంగళూరు పీణ్యలో ఒక ఫ్యాక్టరీ. కూలింగ్ టవర్ పంపు మెకానికల్ సీల్ (తిరిగే షాఫ్టు వెంట నీళ్లు బయటికి రాకుండా ఆపేది) చుక్కలు దాటి ధార కట్టింది. ఉన్నదాన్నే ల్యాప్ చేసి, అంటే నునుపుగా చదునుగా రుద్ది, బాగుచేద్దామని ఫిట్టర్, కొత్తది వేద్దామని ఇంజనీర్.)

ఇంజనీర్: సీల్‌లో ఆనుకుని రాసుకునే రెండు ఫేసుల (చదును రింగుల) మధ్య ఉండే నీటి పొర మైక్రాన్ అటూ ఇటూ. ఒకదానికొకటి అరిగి కుదురుకున్న జోడీ అది. విప్పాక మళ్లీ అతకదన్నా.

ఫిట్టర్: విప్పింది విప్పినట్టే బిగిస్తే కారుతుంది సార్, కాదనను. అందుకేగా ల్యాపింగ్! సిలికాన్ కార్బైడ్ ఫేసును 3 మైక్రాన్ల డైమండ్ పేస్టుతో, ప్లేటు మీద ఎనిమిది అంకె చుట్టినట్టు రుద్దాలి. కార్బన్ ఫేసును ఆ ప్లేటు దరిదాపులకు రానీయకూడదు. డైమండ్ రేణువులు అందులో దిగబడితే ఎదుటి ఫేసును గీకి పారేస్తాయి. చివర్లో ఆప్టికల్ ఫ్లాట్ అనే చదును గాజు బిళ్ల పెట్టి చూస్తే ఎగుడుదిగుడు రెండు లైట్ బ్యాండ్లలోపు (వెలుగు చారలు) రావాలి, అంటే దాదాపు 0.6 మైక్రాన్.

ఇంజనీర్: మరి ఓ-రింగుల సంగతి?

ఫిట్టర్: అవి ఎప్పుడూ కొత్తవే. ఈపీడీఎం రబ్బరు రింగుకు మామూలు గ్రీజు పూస్తే ఉబ్బుతుంది, సిలికాన్ గ్రీజే వాడాలి.

ఇంజనీర్: ఇంత చాకిరీ కంటే కొత్త సీల్ నయం కదా?

ఫిట్టర్: వేసేది ఇదే షాఫ్టు మీదేగా సార్! ఇటు చూడండి. కార్బన్ అంచు వెడల్పు 3 మి.మీ.; ఎదుటి ఫేసు మీద అరుగుడు గీత 4 దాటింది. షాఫ్టు ఊగుతోందన్నమాట. డయల్ గేజ్ పెడితే స్లీవ్ (షాఫ్టు మీది తొడుగు) దగ్గర ఊగుడు 0.05 మి.మీ. మించకూడదు. బేరింగులు, కప్లింగ్ అలైన్‌మెంట్ (మోటారు, పంపు షాఫ్టులు ఒకే వరుసలో ఉన్నాయా అని) చూడకుండా ఎంత ఖరీదైన సీల్ వేసినా ఇదే గతి. షాఫ్టు వైపు అంచున ఈ తెల్ల పెచ్చు బోరు నీళ్ల సున్నం. టవర్లో నీళ్లు తిరిగేకొద్దీ చిక్కబడుతుంది, బ్లోడౌన్, అంటే చిక్కబడ్డ నీళ్లు బయటికి వదలడం, పెంచమనండి.

ఇంజనీర్: స్లీవ్ మీద ఓ-రింగ్ కోసిన గాడి నీకు కనబడలేదా? ఫేసులు అద్దంలా ఉన్నా నీళ్లు అటునుంచి వస్తాయి. స్లీవ్ మార్చాల్సిందే. పైగా నైట్ షిఫ్టువాళ్లు పంపులోని గాలి తీయకుండా స్విచ్చేస్తున్నారు. పొడిగా తిరిగితే కార్బన్ ఎంతసేపు నిలుస్తుంది?

ఫిట్టర్: స్లీవ్ సంగతి నిజమే సార్. గాలి తీయకపోతే మీ కొత్త సీలూ మాడుతుంది.

ఇంజనీర్: సరే, నీళ్ల పంపుకు ల్యాప్ చెయ్యి. సాల్వెంట్ పంపుకు మాత్రం నేనొప్పుకోను, అక్కడ కారితే ప్రమాదం.

ఫిట్టర్: సీల్ కంపెనీవాళ్లే బాగుచేసి, గాలి టెస్టు పెట్టి ఇస్తేనో?

ఇంజనీర్: ఆ రిపోర్టు రానీ, అప్పుడు మాట్లాడదాం. ముందు డయల్ గేజ్ పట్రా అన్నా.