చెయ్యి అద్దండి, పక్కకు జరగండి

సముదాయ కళలో, అంటే వీధి గోడల మీద జనాన్ని కలుపుకుని వేసే బొమ్మల్లో, ప్రజల వాటా ఎంతో ఇప్పటికి తేలిపోయింది: రంగులో ముంచి అద్దే ఒక అరచెయ్యి. గోడ ఏది, బొమ్మ ఏమిటి, పైన ఎవరి పేరుండాలి అన్నవి ఆర్నెల్ల కిందటే ఖరారవుతాయి. కింద ఓ మూల మాత్రం రెండు మీటర్ల జాగా ఖాళీగా ఉంచుతారు. ప్రజాస్వామ్యం మొత్తం అందులోనే సర్దుకోవాలి. గీత దాటితే చిత్రకారుడి ఏకాగ్రత చెడుతుంది మరి.

ఆ ఘట్టం చూసి తీరాల్సిందే. జనాన్ని పదింటికి రమ్మంటారు, కెమెరా పన్నెండుకి వస్తుంది. పళ్లెంలో పోస్టర్ కలర్ పోస్తే తొలి వానకే ముద్రలన్నీ కాలువలో కలుస్తాయి. కాస్త తెలిసినవాళ్లు బయటి గోడల అక్రిలిక్ పోస్తారు. అది ఎండకు అరచేతి మీదే బిగుసుకుంటుంది, సబ్బూ నీళ్లూ తేవాలని మాత్రం ఎవరికీ తట్టదు. "చెయ్యి తియ్యకమ్మా, ఇంకో ఫోటో!" అంటారు. తియ్యకుండా నొక్కి ఉంచితే పడేది ముద్ర కాదు, మరక. రెండు చేతులూ అద్దినవాళ్లు నివేదికలో ఇద్దరవుతారు. సాయంత్రం అందరూ వెళ్లాక చిత్రకారుడు సన్న కుంచె తీసి, వంకరపోయిన వేళ్లకు అంచులు దిద్దుతాడు. అవును, జనం వేళ్లకే! పొందిగ్గా లేకపోతే అవి ప్రజలవని ఎవరు నమ్ముతారు?

అమెరికన్ విధాన విశ్లేషకురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో పౌర భాగస్వామ్యానికి 8 మెట్ల నిచ్చెన గీశారు. అట్టడుగున జనాన్ని మభ్యపెట్టడం, కొసన పౌరుల చేతికే పెత్తనం. మనవాళ్లు ఆ నిచ్చెనను భక్తిగా చదివి, దానికి బ్యానర్ కట్టుకున్నారు.

గోడ గురించి ఎవరైనా ఆలోచించారా? కొత్త ప్లాస్టరు కనీసం 28 రోజులు ఆరాలి. తొందరపడితే లోపలి క్షారం రంగును తినేస్తుంది, ఉప్పు తెల్లగా పొంగి పొరను నెట్టేస్తుంది. పాత గోడైతే అడుగు చదరం పాలిథిన్‌ను నాలుగంచులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచాలి. లోపల చెమ్మ పట్టిందా, కుంచె ముట్టుకోవద్దు. దుమ్ము దులిపి ప్రైమర్ (రంగుకు ముందు పూసే అడుగు పూత) వెయ్యని గోడ మీద రంగు అంటుకునేది దుమ్ముకే, గోడకు కాదు.

ఎత్తు మాటకొస్తే, నేల మీద నిలబడ్డ మనిషికి అందేది రెండు మీటర్లే. అందుకే ప్రజలకు మూల అంటారు. అమెరికాలో 1984లో మొదలైన గోడబొమ్మల సంస్థ ఫిలడెల్ఫియా మ్యూరల్ ఆర్ట్స్‌వాళ్లు దీనికి ఉపాయం చూపించారు. నేత లేని పల్చటి బట్ట మీద బొమ్మను గీసి, గడులకు అంకెలు వేసి, బల్లల దగ్గర జనంతో రంగులు వేయిస్తారు. ఆ తర్వాత అక్రిలిక్ జెల్‌తో గోడకు అంటిస్తారు. పరంజా ఎక్కలేని ముసలమ్మ కూడా ఆకాశానికి నీలం వెయ్యొచ్చు. (బొమ్మ ఏదో ఆమెను ముందే అడగకపోతే ఇదీ చాకిరీయే. చిత్తుబొమ్మను వద్దనే హక్కు లేని సమావేశం ఉత్త కాలక్షేపం.)

ఇక డబ్బు. అమెరికన్ చిత్రకారిణి జూడీ బాకా 1976లో లాస్ ఏంజిలస్ వరద కాలువ గోడ మీద బొమ్మ మొదలుపెట్టినప్పుడు కుర్రాళ్లను జీతమిచ్చి పనిలో పెట్టుకున్నారు. మరి మన నిర్వాహకులో? డ్రోన్‌కు డబ్బుంది, వీడియోకు డబ్బుంది, ప్రారంభోత్సవానికి వేదికకు డబ్బుంది. సాయంత్రాలన్నీ కూర్చుని తమ వీధి కథ చెప్పినవాళ్లకు మాత్రం "స్ఫూర్తి"! ఒక మనిషి ముఖాన్ని ముప్పై అడుగుల ఎత్తున గీస్తూ ఆమె అనుమతి అడగనివాళ్లకు సిగ్గన్నది ఉందా? రెండేళ్లకు పెచ్చులూడితే మళ్లీ తప్పు జనానిదే, "తమదిగా భావించలేదు" అని. వాళ్లది ఎప్పుడు చేశారు కనుక!

తమదని ఎవరైనా అనుకోవాలంటే మూతలు బిగించిన మిగులు రంగులు, వాటి షేడ్ నంబర్లు, గోడ మీద ఏ భాగానికి ఏది వాడారో రాసిన కాగితం, మరమ్మతుకు కాస్త సొమ్ము ఆ వీధివాళ్ల చేతికి రావాలి. నమ్మకం కుదరకపోతే బడ్జెట్ కాగితం అడిగి చూడండి. మరమ్మతు పద్దు ఉంటే డ్రోన్ పద్దుకు కిందే ఉంటుంది.