నెలకు 20 డాలర్ల గుమాస్తా

మా వంశంలో ఇప్పటిదాకా అందరూ ఒకరి కింద పనిచేసినవాళ్లే. తాతగారు కరణంగారి దగ్గర, నాన్నగారు హెడ్‌క్లర్కుగారి దగ్గర, నేను నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడైన మేనేజర్ దగ్గర. మా చేతికింద మాత్రం ఎవరూ ఉండి ఎరగరు. మూడు తరాల ఆ లోటు ఈ మధ్యే తీరింది. నెలకు 20 డాలర్లు, అంటే రెండు వేలకు కాస్త అటూ ఇటూ, కట్టి ఒక ఏఐ బ్రౌజర్ తీసుకున్నాను. కంపెనీ పేరు వద్దులెండి. మామూలు బ్రౌజర్ పేజీ తెరిచి ఊరుకుంటుంది. ఇది తెరిచి, చదివి, బటన్లు నొక్కి, ఫారాలు నింపి, బుట్టలో సరుకులు కూడా వేస్తుంది. మనం కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే.

ఈ ఖర్చు దండగ అని మా ఆవిడ అభిప్రాయం. కాదని నిరూపించే బాధ్యత నా మీద పడింది.

మొదటి పనిగా నెల సరుకులు అప్పగించాను. ఆవిడ రాసిచ్చిన చీటీ చూసి పొల్లుపోకుండా టైప్ చేశాను. కందిపప్పు రెండు కిలోలు, మినపగుళ్లు కిలో, ఇంగువ చిన్న డబ్బా, ఇంకో ఆరు. గుమాస్తా రంగంలోకి దిగాడు. తెరమీద బాణం గుర్తు తనంతట తాను కదులుతుంటే ఒళ్లు పులకరించింది. కందిపప్పు అని కొట్టాడు. ఆగాడు. ‘పేజీని పరిశీలిస్తున్నాను’ అని పక్కన ఒక ముక్క రాశాడు. ఇంతలో ఏదో ఆఫర్ ప్రకటన అడ్డొచ్చింది. దాని మూలనున్న ఇంటూ గుర్తు నొక్కబోయి రెండుసార్లు గురి తప్పాడు. మూడోసారి తగిలింది. నేను చప్పట్లు కొట్టాను. ఇరవై రెండు నిమిషాలకు డబ్బు కట్టే పేజీ చేరుకుని, ‘ఇక్కడి నుంచి మీరు చూసుకోండి’ అని చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఓటీపీ నేనే కొట్టాను.

ఇదే పని మా ఆవిడ పొయ్యి మీద పాలు పొంగేలోపు ఫోన్‌లో చేసేస్తుంది. కానీ ఆ ఇరవై రెండు నిమిషాలూ నేను చేసిందేమిటి? అజమాయిషీ! ఇది నా ఒక్కడి మాట కాదు. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ 2025 అక్టోబర్‌లో మ్యాక్ కంప్యూటర్ల కోసం తెచ్చిన అట్లాస్ బ్రౌజర్‌లో, మన బదులు పనిచేసే ఏజెంట్‌ను డబ్బు కట్టేవాళ్లకే ఇచ్చారు. బ్యాంకుల్లాంటి సైట్లకు వెళ్లినప్పుడు మనం చూస్తున్నామో లేదో తేల్చుకోవడానికి అది పని ఆపుతుంది. జీతం ఇచ్చి మనిషిని పెట్టుకుని, వాడి పక్కనే నిలబడి చూసే హోదా పూర్వం జమీందార్లకు కూడా దక్కలేదు.

ధర ఎక్కువన్నవాళ్లకు కామెట్ అనే ఇంకో ఏఐ బ్రౌజర్ సంగతి చెప్పాలి. పర్‌ప్లెక్సిటీ అనే ఏఐ కంపెనీ వాళ్లు దాన్ని 2025 జులై 9న వదిలారు. పంచాంగం ప్రకారం ఆషాఢం. చీర కొనాలన్నా ఫ్రిజ్ కొనాలన్నా మనవాళ్లు ఆషాఢం సేలు కోసం కాచుకుని కూర్చుంటారు. ఆ కంపెనీలో పంచాంగం చెప్పేవాళ్లు లేరేమో, ముందు నెలకు 200 డాలర్ల ప్లాను కట్టేవాళ్లకు ఇచ్చారు. మన డబ్బులో సుమారు 17 వేలు. మూడు నెలలు నిండకుండానే, అక్టోబర్ 2న, సరిగ్గా విజయదశమి నాడు, అందరికీ ఉచితమని చాటింపు వేశారు. ఆషాఢంలో చేరినవాళ్లు ఆ రోజు జమ్మిచెట్టుకు చీటీ కట్టారో, క్రెడిట్ కార్డు బిల్లు కట్టారో.

ఒపెరా బ్రౌజర్ వాళ్లది ఇంకా పెద్ద మనసు. ఒకప్పుడు ప్రకటనలు లేని ఒపెరా కావాలంటే డబ్బు కట్టాలి. 2005లో ఆ రుసుము ఎత్తేశారు. సరిగ్గా ఇరవై ఏళ్లకు, 2025లో, నియాన్ అనే ఏఐ బ్రౌజర్ తెచ్చి నెలకు 19.90 డాలర్లన్నారు. ఇరవై డాలర్లకు పది సెంట్లు తక్కువ. మన చెప్పుల కొట్లో 999 లాగే.

ఇక మన దేశంలో ఏఐ అంటే కొసరు. కూరగాయలు కొంటే కరివేపాకు రెబ్బ వేసినట్టు, 2025 జులైలో ఎయిర్‌టెల్ తన 36 కోట్ల మంది కస్టమర్లకు ఏడాదికి 17,000 రూపాయలని చెప్పే పర్‌ప్లెక్సిటీ ప్రో ప్లాను ఉచితంగా వేసింది. అక్టోబర్ ఆఖర్లో జియో 35,100 విలువని చెప్పి గూగుల్ ఏఐ ప్రో పద్దెనిమిది నెలలకు వేసింది. నవంబర్ 4 నుంచి చాట్‌జీపీటీ గో ప్లాను ఏడాది ఉచితమన్నారు. వంకాయలకు బేరమాడి, సిమ్‌కు కొసరు పుచ్చుకునే జాతి మనది. ఇందరిలో డబ్బిచ్చి కొన్నవాడిని నేనొక్కడినే అనిపించినప్పుడు కాస్త గర్వంగానే ఉంటుంది.

గుమాస్తాకు ఒక్క లోపం ఉంది. ఎవరు చెప్పినా వింటాడు. 2025 ఆగస్టులో బ్రేవ్ వాళ్లు కామెట్‌ను పరీక్షించి చూపించారు. ఒక పేజీలో కంటికి కనబడకుండా కొన్ని ఆదేశాలు దాచిపెట్టి, సారాంశం చెప్పమని అడిగితే, వాడు పేజీ మాట వదిలేసి యజమాని మెయిల్ తెరిచి, అందులోని ఓటీపీ తెచ్చి బయట పెట్టాడు. బ్రేవ్‌ది కూడా బ్రౌజర్ల వ్యాపారమే అనుకోండి. పక్క కొట్టు తక్కెడలో తేడా పక్క కొట్టువాడికే ముందు కనిపిస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు ఏళ్లుగా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాయి. మనం చెప్పలేదు కదా, గుమాస్తా చెప్పాడు.

దుకాణాలవాళ్లకూ వీడంటే గిట్టడం లేదు. వచ్చింది మనిషో ఏజెంటో చెప్పకుండా కామెట్ లోపలికి దూరుతోందని అమెజాన్ 2025 నవంబర్‌లో అమెరికా కోర్టులో పర్‌ప్లెక్సిటీ మీద దావా వేసింది. నా అనుమానం వేరే. పప్పు కోసం వెళ్లిన మనిషి దారిలో కనబడిన చెప్పులు కూడా కొంటాడు. గుమాస్తా కొనడు.

సరుకులు మర్నాడు వచ్చాయి. సంచీ విప్పిన మా ఆవిడ వంటింట్లోంచి పిలిచింది. “ఏమండీ, మీ గుమాస్తా మినపగుళ్లు తేలేదు, పొట్టు మినప్పప్పు తెచ్చాడు. రేపటి ఇడ్లీకి పొట్టు ఎవరు తీస్తారట?”

నేను వెంటనే గుమాస్తానే అడిగాను. వాడు పన్నెండు పేజీలు తిరగేసి, ఒక్క ముక్కలో తేల్చాడు. నాలుగు గంటలు నానబెట్టి, చేత్తో పిసికి, నీళ్లు మారుస్తూ కడగండి.

కిలో పప్పు. ఏడు నీళ్లు పట్టింది.