జలప్రవేశం చేసిన చేతిఫోను

ఫోన్ల కంపెనీలు సాఫ్ట్‌వేర్ పూర్తికాకుండానే సరుకును బజారులోకి వదులుతున్నాయని కొందరు ఈమధ్య ఆక్రోశిస్తున్నారు. ఎవరన్నా అనవచ్చు గాని, విశాఖపట్నంలో పుట్టి పెరిగినవారు మాత్రం ఆ మాట అనరాదని నా దృఢాభిప్రాయం. సగం తయారైన వస్తువును పదిమందినీ పిలిచి, కొబ్బరికాయ కొట్టి, చప్పట్ల మధ్య లోకానికి చూపించడం, ఓడలు కట్టే మన సింధియా వైపు వారికి పాత విద్యే. 1948 మార్చి 14న నెహ్రూ గారంతటివారు వచ్చి ‘జల ఉష’ అనే ఓడను నీటిలోకి వదిలింది ఇక్కడే.

ఓడ జలప్రవేశం చేసిందంటే పూర్తయిందని కాదు, తేలుతోందని మాత్రమే. ఆ తరువాత దానిని జెట్టీకి కట్టివేసి, నెలల తరబడి తీగలు లాగుతారు, గొట్టాలు బిగిస్తారు, గదులు కడతారు, యంత్రాలను పరీక్షిస్తారు. ఆ పైన సముద్రం మీదికి తీసుకువెళ్లి ట్రయల్స్ చేస్తారు. మన షిప్‌యార్డులోనే కట్టిన ‘నిస్తార్’ 2022 సెప్టెంబరులో జలప్రవేశం చేసి, 2025 జూలైలో గాని నౌకాదళంలో చేరలేదు. నడుమ గడిచిన దాదాపు మూడేళ్లలో ఏ నావికుడినీ పిలిచి, ‘ప్రస్తుతానికి ఇందులో వెళ్లండి, చుక్కాని తరువాత పంపిస్తాం’ అని ఎవరూ అనలేదు. ఫోన్ల కంపెనీలవారు ఓడలవారి నుంచి ‘లాంచ్’ అనే మాటను, కొబ్బరికాయను శ్రద్ధగా నేర్చుకున్నారు. జెట్టీ సంగతి వచ్చేసరికి బహుశా భోజనాల వేళయి ఉంటుంది.

ఈ సంప్రదాయానికి పెద్దలే పునాది వేశారు. 2007లో వచ్చిన మొదటి ఐఫోనులో ఒకచోట రాసిన మాటను ఎత్తి మరొకచోట పెట్టే వీలు లేదు. కాపీ, పేస్ట్ అనే ఆ మహాభాగ్యం 2009 జూన్‌లో గాని దక్కలేదు. ఆ పాఠం విన్న మైక్రోసాఫ్ట్ వారు 2010లో తమ కొత్త విండోస్ ఫోనును సరిగ్గా అదే లోపంతో విడుదల చేసి, మరుసటి ఏడాది సరిదిద్దుకున్నారు. కాపీ కొట్టే సౌకర్యం లేకుండానే కాపీ కొట్టగలగడం సామాన్యమైన ప్రతిభ కాదు. 2012లో ఆపిల్ సొంత మ్యాపులు జనాన్ని దారి తప్పిస్తుంటే, టిమ్ కుక్ క్షమాపణ చెప్పి, బాగుచేసేదాకా ఇతరుల మ్యాపులు వాడుకోండని సలహా ఇచ్చారు. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 16ను కృత్రిమ మేధ కోసమే పుట్టిన ఫోనుగా అమ్మారు. ఆ మేధలో మొదటి విడత అక్టోబరు చివరన వచ్చింది. మన విషయాలన్నీ ఎరిగి బదులిస్తుందన్న కొత్త ‘సిరి’ని, అనగా ఫోనులో మాటకు మాట చెప్పే సహాయకురాలిని మాత్రం 2025 మార్చిలో వాయిదా వేసి, దాని ప్రకటనను కూడా ఉపసంహరించుకున్నారు. సిరి రాకముందే వచ్చిన ప్రకటన, సిరి రాకముందే వెళ్లిపోయింది.

కంపెనీల వాదనను కొట్టిపారేయలేము. ఫ్యాక్టరీలో ఫోనును పెట్టెలో పెట్టే నాటికి ఎక్కించిన సాఫ్ట్‌వేర్ వేరు, అది దుకాణానికి చేరే లోపల ఇంజనీర్లు సరిదిద్దినది వేరు. అందుకే ఫోను తెరవగానే మొదట అప్‌డేట్ అడుగుతుంది. అరకు ఘాట్ రోడ్డు మలుపుల్లో సిగ్నల్ పోయి వచ్చేటప్పుడు బయటపడే లోపం లాబొరేటరీలో కూర్చున్నవారికి కనబడకపోవచ్చు. ఏళ్ల తరువాత బయటపడిన భద్రతా లోపాన్ని పూడ్చడం కూడా, సముద్రంలో తిరిగిన ఓడను మరమ్మతుకు డ్రైడాక్‌కు ఎక్కించడం వంటిదే. దానిని తప్పుపట్టేవాడు మూర్ఖుడు. నా సందేహమల్లా డ్రైడాక్ గురించి కాదు, చుక్కాని గురించి.

మొన్నటి దసరాకు ద్వారకానగర్‌లో నేనూ ఒక ఫోను కొన్నాను. చీకటిలో సైతం పట్టపగలులా వీడియో తీస్తుందని పెట్టె మీదనే ముద్రించారు. ఆ సాయంత్రం ఆర్కే బీచ్‌లో తీస్తే సముద్రమూ ఆకాశమూ మురీ మిక్చర్ బండీ ఒకే నలుపులో లీనమై అద్వైతం సిద్ధించింది. మర్నాడు దుకాణానికి వెళ్లగా అక్కడి కుర్రవాడు అమితమైన ఆదరంతో, “అది ఇంకా రాలేదండి. అప్‌డేట్‌లో వచ్చేస్తాదండి” అన్నాడు. సింహాద్రి అప్పన్న ఏడాదికి ఒక్కరోజైనా చందనం తొలగించుకుని నిజరూప దర్శనమిస్తాడు. నా ఫోను నిజరూపానికి తిథి ఎవరూ చెప్పలేకపోయారు.

యార్డులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా పనిచేసిన మా పెదనాన్నకు చూపిస్తే, ఆయన ఫోనును అటూ ఇటూ తిప్పి, “దీనికి ట్రయల్స్ ఎవరు చేసారురా?” అన్నాడు.

“నేనే చేస్తున్నాను, పెదనాన్నా.”

“మరి నీకు జీతమెంత?”

ఆ ప్రశ్న నుంచే నా ప్రతిపాదన పుట్టింది. ఓడ కొనేవాడు సొమ్మంతా ఒకేసారి ఇవ్వడు. ఓడకు అడుగుదూలం వేసినప్పుడు కొంత, జలప్రవేశానికి కొంత, ఇలా పని సాగినకొద్దీ విడతలుగా ఇచ్చి, అప్పగించాక మిగిలినది చెల్లిస్తాడు. ఫోనులవారు మన జలప్రవేశాన్ని స్వీకరించారు గనుక, మన చెల్లింపు పద్ధతిని కూడా స్వీకరించడమే న్యాయం. తెర వెలిగినందుకు కొంత, మాట వినబడినందుకు కొంత, చీకటిలో వీడియో కనబడిన నాడు శేషం.

ఈ పథకాన్ని దుకాణం యజమానికి సవివరంగా వినిపించాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాక, చివరికంటా విని, టీ తెప్పించి, “మీరన్నది సబబేనండి. ఈఎంఐ మాత్రం ఐదో తారీకుకి కట్ అయిపోతాదండి” అన్నారు.

ఐదో తారీకు తెల్లవారుజామున, ఏ అప్‌డేటూ అడగకుండా, ఎక్కడా ఆగకుండా, బ్యాంకు సందేశం ఆ ఫోనులోనే మోగింది.