ఆఖరి ఆరడుగుల దొరగారికి

పంపు నీళ్లందుకునేలా ముందు గొట్టంలో గాలి లాగేసే మహారాజశ్రీ ఫైరింజను ప్రైమరు గారికి కోనసీమ నుంచి నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం. గడ్డిమేటు మాత్రం లేదు.

భోగి నాడు తెల్లారగట్ల మా వీధి మంటలోంచి ఓ నిప్పురవ్వ లేచి, ఎవరూ పిలవకుండానే మా దొడ్లోకొచ్చింది. 101కి ఫోన్ చేశాం. మీ బండి గంట కొట్టుకుంటూ త్వరగానే వచ్చింది. ట్యాంకులో 4,500 లీటర్లు. పంపేమో పూర్తి జోరు మీద నిమిషానికి 1,800 లీటర్లు తోడేది. అంటే రెండున్నర నిమిషాల ముచ్చట. గొట్టం కొసన నీళ్లు చిమ్మే బ్రాంచి పట్టుకున్నాయన పాపం పొదుపుగానే కొట్టారు. అయినా మేటు సగం తడవకుండానే ట్యాంకు ఖాళీ.

మేం కంగారుపడలేదు. పక్కనే కాలువ, దాళ్వా నీళ్లతో నిండుగా ఉంది. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తిచేసి గోదావరిని మా గుమ్మం ముందుకు పంపించాడు. నీళ్ల నుంచి గట్టు మీదికి ఆఖరి ఆరడుగులే మీకొదిలేశాడు.

మీ గొప్పతనం నాకు తెలుసు. సెంట్రిఫ్యూగల్ పంపులో నీళ్లుంటే ఏనుగు, గాలి ఉంటే వట్టి ఫ్యాను. మీరు ముందు సక్షన్ గొట్టంలో గాలి తీసేస్తే, బయటి గాలి బరువే నీళ్లను పైకి తోస్తుంది. లెక్కప్రకారం 10 మీటర్ల దాకా, చేతల్లో ఏడు. మేమడిగింది రెండు మీటర్లు కూడా లేదండి!

పండక్కొచ్చిన కొత్తల్లుడు మొహమాటపడ్డట్టు గాలి ఎంత లాగిందో చూపే గేజి ముల్లు కాస్త లేచి ఆగిపోయింది. నీళ్లలో ఉన్న గొట్టం చివరి జల్లెడకి, అదే స్ట్రైనరుకి, గుర్రపుడెక్క చుట్టుకుందేమోనని ఒకాయన మోకాల్లోతు దిగి చూశారు. అదీ లేదు. ఇంతలో మీ తమ్ముడు కూలరు గారి గోల. బండి పరిగెడితే రేడియేటరుకి గాలి తగులుతుంది. గట్టున నిలబడి తోడేటప్పుడు ఇంజను చల్లబడాలంటే పంపు నీళ్లే కొన్ని ఆయన దగ్గరికెళ్లాలి. మీరు తేలేదు, ఆయనకి అందలేదు. దొడ్లో మేటు పొగ, గట్టు మీద ఇంజను ఆవిరి.

మా పెదనాన్న చెవి గొట్టం బిగించే కప్లింగు దగ్గర పెట్టి, "గాలి లాగేత్తందండీ, ఆయ్" అన్నాడు. విప్పి చూస్తే రబ్బరు వాషరు, పదేళ్లు ఎండబెట్టిన ఆత్రేయపురం తాండ్ర ముక్కలా బీటలు బీటలు. ఇంకోటి ఉందా? లేదు. ఏటా ఏప్రిల్ 14న మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాలకి బండిని కడిగి, బొట్టుపెట్టి దండేస్తారు కదా, మీ వాషరు ఎవరికీ కనబడలేదా? పెదనాన్న ఆయిలింజనుకి దండా లేదు, బొట్టూ లేదు. రెండు బిందెల పేడనీళ్లు పోసి తిప్పితే నీళ్లందుకుంటుంది.

ఆయన సైకిలు ట్యూబు ఊడదీసి, ముక్క కోసి కప్లింగుకి బిగించి చుట్టాడు. చుయ్‌మనే చప్పుడు ఆగింది. ముల్లు లేచింది. నీళ్లొచ్చాయి. బూడిదని చాలా శుభ్రంగా తడిపారు.

ఇట్లు,
పక్కింటి గడ్డి అరువు తెచ్చుకుంటున్న
రెండు గేదెల యజమాని

తా.క.: పెదనాన్న ట్యూబు ముక్క మీ దగ్గరే ఉండిపోయింది. సైకిలు వసారాలో కూలబడి ఉంది. వాషరు కొన్నాకైనా ముక్క పంపించగలరు.