ధర్మనిధి ఉపన్యాసాల్లో ఉపన్యాసానికి చోటెక్కడ?

తమ ఇంటి పెద్దల పేరు నిలవాలని ఎవరో ఒక కుటుంబం విశ్వవిద్యాలయానికి కొంత సొమ్ము అప్పగిస్తుంది. దాన్ని బ్యాంకులో వేసి, ఏటా వచ్చే వడ్డీతో ఒక పండితుణ్ణో శాస్త్రవేత్తనో పిలిపించి మాట్లాడిస్తారు. ధర్మనిధి ఉపన్యాసం అంటే ఇదే. చదువు నలుగురికీ అందాలన్నదే ఆ సొమ్ము ఇచ్చినవారి కోరిక. ఈనాడు ఈ సభల్లో ఆ నలుగురూ కనిపించడం లేదు, ఉపన్యాసానికీ చోటు మిగలడం లేదు. ఈ సంగతి నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

పనిదినాన ఉదయం పదిన్నరకు సభ పెడితే ఉద్యోగం చేసుకునేవారు గానీ, బడిపంతులు గానీ, దుకాణం నడుపుకునేవారు గానీ ఎలా రాగలరు? ఆహ్వానపత్రిక శాఖ నోటీసు బోర్డు మీద, అధ్యాపకుల వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది తప్ప ఊళ్లోకి రాదు. ఎలాగో తెలుసుకుని వెళ్లినవారిని గేటు దగ్గరే ఎవరి కోసం వచ్చారని నిలదీస్తారు. హాలు నిండాలి కాబట్టి, హాజరు వేస్తామని చెప్పి రెండు మూడు తరగతుల పిల్లలను తెచ్చి కూర్చోబెడతారు. ఆ పిల్లలను నేను తప్పుపట్టను. వక్త ఎవరో, విషయం ఏమిటో ముందుగా వాళ్లకు చెప్పినవారే ఉండరు.

ఆ మధ్య ఒక విశ్వవిద్యాలయంలో తొలినాటి తెలుగు శాసనాల మీద ఉపన్యాసం ఉందంటే వెళ్లాను. ముఖ్య అతిథి కోసం గంటకు పైగా ఎదురుచూశాక జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనాగీతం, వేదిక మీద ఉన్న పెద్దలందరి పరిచయాలు, పుష్పగుచ్ఛాలు, ఒక్కొక్కరి తొలిపలుకులు వరుసగా సాగాయి. అసలు వక్త మైకు ముందుకు వచ్చేసరికి భోజనాల వేళయింది. వయసు మళ్లిన ఆ పెద్దాయన చేతిరాతతో నింపిన కాగితాలు, శాసనాల ఫొటోలు వెంట తెచ్చుకున్నారు. రేనాటి చోళుల కాలం నాటి కలమళ్ల శాసనం దగ్గరికి వచ్చి, అందులోని తెలుగు రూపాలను ఒక్కొక్కటిగా విప్పి చెబుతుండగా చేతికి చీటీ అందింది. ఆయన దాన్ని చదివి, మడిచి, నీళ్ల గ్లాసు కింద పెట్టి, నాలుగైదు కాగితాలు ఒక్కసారిగా తిప్పేశారు. ఆ కాగితాల్లో ఉన్నది వినడానికే నేను అంత దూరం వెళ్లాను. ప్రశ్నలకు సమయం లేదన్నారు. శాలువాకూ జ్ఞాపికకూ వందన సమర్పణకూ మాత్రం కావలసినంత సమయం దొరికింది.

మన విశ్వవిద్యాలయాలకు ఇంతకన్నా మంచి సంప్రదాయం ఉంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా (వైస్ ఛాన్సలర్) ఉన్న రోజుల్లో, 1933లో, రవీంద్రనాథ్ ఠాకూర్ వాల్తేరు వచ్చి మానవుడి గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. వాటిని విశ్వవిద్యాలయమే పుస్తకంగా అచ్చువేసింది కాబట్టి ఆనాటి సభలో లేని మనం కూడా వాటిని చదువుకోగలుగుతున్నాం. అదే సంవత్సరం కలకత్తా విశ్వవిద్యాలయంలో కమలా ఉపన్యాసాలనే ధర్మనిధి ఉపన్యాసాలను ఆయన బెంగాలీలోనే చెప్పారన్నది కూడా మనం గుర్తుంచుకోవాలి. భౌతికశాస్త్రమైనా న్యాయశాస్త్రమైనా ఊరివారి కోసం చెప్పే ఉపన్యాసం ఊరి భాషలో ఉండాలని అడగడం అత్యాశ ఏమీ కాదు.

సాంస్కృతిక కార్యక్రమాల సంగతి ఇంకా బాధాకరం. ఒగ్గు కళాకారులను పిలిపిస్తారు. గేటు నుంచి వేదిక దాకా అతిథి ముందు డోలు వాయిస్తూ నడిపించి పంపించేస్తారు. మల్లన్న కథ, బీరప్ప కథ గంటల తరబడి చెప్పగల మనిషికి వేదిక ఎక్కే అవకాశమే ఇవ్వరు. కూచిపూడి అయినా అంతే, మంత్రిగారు వచ్చేలోపు కాలక్షేపానికి ఒక అంశం! సాయంత్రం పూట, బస్సు దిగి నడిచి వెళ్లగలిగే చోట సభ పెడితే జనం వస్తారనడానికి 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి ప్రాంగణమే సాక్ష్యం. అక్కడి సాహిత్య సభలకు ఆ విశ్వవిద్యాలయంతో ఏ సంబంధమూ లేని పాఠకులు ఎందరో తమంతట తామే వచ్చి కూర్చునేవారు.

ధర్మనిధి వడ్డీ ఈనాటి ఖర్చులకు చాలడం లేదని అధికారులు అంటారు. పాతికేళ్ల కిందట ఇచ్చిన సొమ్ము మీద వచ్చే వడ్డీ ఇవాళ వక్త రైలు చార్జీలకు కూడా సరిపోకపోవచ్చు, అది నేను ఒప్పుకుంటాను. కానీ సభను సాయంత్రం ఆరు గంటలకు మార్చడానికి, వేదిక మీద వక్తనూ అధ్యక్షుణ్ణీ మాత్రమే కూర్చోబెట్టడానికి, గంట ఉపన్యాసం తరువాత అరగంట ప్రశ్నలకు కేటాయించడానికి ఏ నిధీ అక్కర్లేదు. అచ్చుకు డబ్బు లేకపోతే ఉపన్యాస పాఠాన్ని విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఉంచవచ్చు.

నిధి ఇచ్చిన కుటుంబాల వారిని నేను కోరేది ఒక్కటే. ఈ సంవత్సరం ఉపన్యాసం జరిగిందా, వక్తకు ఎంతసేపు ఇచ్చారు, ఆ పాఠం ఎక్కడ దొరుకుతుంది అని రిజిస్ట్రారుకు ఉత్తరం రాసి అడగండి. మీ పెద్దల పేరు మీద జరుగుతున్న సభ అది. అడిగే హక్కు అందరికన్నా ముందు మీకే ఉంది.