బురదలో వానల లెక్క ఉండదంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

బెంగళూరులో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఈమధ్య ఒకటే మెసేజ్ తిరుగుతోంది, మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ గ్రూపులో అయితే మళ్లీ మళ్లీ వస్తోంది. సరస్సు అడుగు బురద తీసి వేల ఏళ్ల కిందటి వానలు, కరువులు చెప్పడం బోగస్ అట. ఎందుకంటే బురదంతా కలిసిపోతుంది, కార్బన్ డేటింగ్ (అంటే చచ్చిన జీవిలో రేడియోధార్మిక కార్బన్ ఎంత తగ్గిందో చూసి వయసు కట్టే పద్ధతి) బతికున్న నత్తకే రెండు వేల ఏళ్లు చూపించింది, అయినా వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కాబట్టి ఇప్పటి వేడికి మనిషి కారణం కాదు అని. బాగా చదువుకున్నవాళ్లు కూడా కింద "కరెక్ట్ అన్నా" అని పెడుతుంటే ఊరుకోలేక రాస్తున్నా.

కలిసిపోతుంది అనడానికి వాళ్లు పెట్టింది బెళ్లందూరు చెరువులో జేసీబీ పూడిక తీస్తున్న ఫోటో. బెళ్లందూరు, వర్తూరు మనుషులు కట్ట వేసి కట్టుకున్న చెరువులు, తవ్వి పూడిక తీస్తే అక్కడ పొరల వరస పోతుంది, నిజమే. కానీ పదివేల ఏళ్ల లెక్క కోసం అక్కడికి ఎవరు పోతారండీ? శాస్త్రవేత్తలు వెతికేది అడుగు కదలని సరస్సుల్ని. కెనడాలో క్రాఫర్డ్ సరస్సు ఉంది, చూడ్డానికి చిన్నదే గానీ సుమారు 24 మీటర్ల లోతు, అడుగు నీళ్లు పై నీళ్లతో కలవవు. ఎండాకాలం సున్నం దిగి తెల్ల పొర పడుతుంది, ఆ తర్వాత చలికి చచ్చిన నాచూ చెత్తా దిగి నల్ల పొర పడుతుంది, ఆ జత ఒక ఏడాది, పొడుగ్గా తీసిన బురదలో చారలు కంటికే కనిపిస్తాయి. 1970ల్లో ఆ చారల్లో మొక్కజొన్న పుప్పొడి దొరికింది, అంటే దగ్గర్లో ఎవరో సాగు చేశారన్నమాట, వెతికితే అక్కడి ఆదివాసులైన ఐరక్వాయన్ ప్రజల పాత ఊరు నిజంగానే బయటపడింది. కలగాపులగం బురద ఇలా దారి చూపిస్తుందా?

ఇక నత్త సంగతి. అది అబద్ధం కాదు, 1963లో శాస్త్రవేత్తలే జాగ్రత్తగా ఉండండని అచ్చేసిన విషయం. సున్నపురాయి కరిగిన నీళ్లలో పెరిగే నత్త ఆ రాయిలోని పాత కార్బన్‌తో గుల్ల కట్టుకుంటుంది, అందుకే వయసు ఎక్కువ చూపిస్తుంది. ఆ కారణం తెలుసు కాబట్టే ఇప్పుడు వీలైనంతవరకు నేల మీది చెట్ల ఆకులు, గింజలు ఏరి వాటికి వయసు కడతారు, ఎందుకంటే ఆకు కార్బన్ గాలి నుంచి వస్తుంది. జపాన్‌లో సుయిగెట్సు సరస్సులో ఏటేటా పడిన పొరల్ని లెక్కపెట్టి, వాటిలో దొరికిన వందల ఆకులకి కార్బన్ వయసు కట్టి రెండూ పోల్చారు, కార్బన్ డేటింగ్ పని చేసే దాదాపు 50,000 ఏళ్ల మేర లెక్క సరిచేసుకోవడానికి ఇప్పుడు అది ఒక ముఖ్యమైన ఆధారం. గత వందేళ్ల పొరలకైతే ఒక లెక్క ప్రకారం తగ్గిపోతూ వయసు చెప్పే రేడియోధార్మిక సీసం (సీసం-210) ఉంది, అణు పరీక్షల వల్ల 1963 ప్రాంతంలో పెరిగిన సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం గుర్తు కూడా ఉంది.

మన దేశంలోనూ చేశారు. మహారాష్ట్రలో ఉల్క పడి ఏర్పడిన లోనార్ సరస్సు బురదలో, నీళ్లు బాగా ఆవిరైపోయి చిక్కబడితేనే ఏర్పడే గేలుసైట్ స్ఫటికాలు సుమారు 4,600 నుంచి 3,900 ఏళ్ల కిందటి పొరల్లో దొరికాయి, అంటే అప్పుడు కరువన్నమాట. ఎక్కడో దూరంగా హర్యానాలో కోట్లా డహర్ అనే ఎండిపోయిన సరస్సు ఉంది, అక్కడ నత్త గుల్లల్లోని ఆక్సిజన్‌లో బరువైన, తేలికైన రకాల పాళ్లు చూస్తే (నీళ్లు ఆవిరయ్యేకొద్దీ బరువైనది ఎక్కువ మిగులుతుంది) సుమారు 4,100 ఏళ్ల కిందట వానాకాలం బలహీనపడిందని తేలింది. చోటు వేరు, పద్ధతి వేరు, కరువు మాత్రం ఒకే కాలంలో పడింది. సింధు నగరాలు క్షీణించిన రోజులు కూడా అటూఇటూగా అవే.

మూడో మాట దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉందని మీకు ఎలా తెలిసింది? ఈ బురద లాంటి సాక్ష్యాలు చెబితేనే కదా! పై లైన్‌లో బోగస్ అన్నదాన్నే కింది లైన్‌లో సాక్ష్యంగా వాడుకుంటే ఎలా? పైగా పాత మార్పులకు వేరే కారణాలున్నాయి, భూమి కక్ష్య, వాలు వేల ఏళ్ల మీద మెల్లగా మారితే వానలు అటూఇటూ జరిగాయి, సహారా ఒకప్పుడు పచ్చగా ఉండి ఎండిపోయింది అలాగే. ఇప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెండు శతాబ్దాల్లోనే పది లక్షల్లో 280 వంతుల నుంచి 420 దాటింది. ఎవరు కాల్చారో కూడా బురదలోనే ఉంది: బొగ్గు, ఆయిల్ పెద్ద కొలిమిల్లో మండితే వచ్చే గుండ్రటి మసి రేణువులు క్రాఫర్డ్ పొరల్లోనూ ఉన్నాయి, 1950 ప్రాంతంలో ఒక్కసారిగా పెరుగుతాయి, కట్టెల మంటలోనో అడవి మంటలోనో అవి రావు.