ఎంతమంది రక్షణ పొందారని అడగడం ఆపుదాం

అందరికీ వందనాలు. పెద్ద పోస్టే, కాస్త ఓపిగ్గా చదవండి.

దక్షిణాఫ్రికా నుంచి మా టీమ్ తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఏ సంఘానికి వెళ్ళినా, ఎవరింట్లో ప్రార్థనకు కూర్చున్నా మొదటి ప్రశ్న ఒక్కటే. "బ్రదర్, ఎంతమంది రక్షణ పొందారు? బాప్తిస్మాలు ఎన్ని అయ్యాయి?" ప్రేమతోనే అడుగుతారు. మాకోసం మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు కాబట్టి అడుగుతారు. కానీ అన్ని నెలలు అక్కడ ఉండి వచ్చాక నాకు ఒకటి గట్టిగా అనిపిస్తోంది, మన మిషన్ పనిని లోపల్నుంచి తినేస్తున్నది ఈ ప్రశ్నే. ఇంటికెళ్ళాక ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలని తెలిసిన టీమ్ అక్కడ మనుషుల్ని చూడదు, చేతులెత్తిన వాళ్ళని లెక్కపెడుతుంది.

మేం ఉన్నది క్వాజులు-నటాల్ రాష్ట్రంలో, డర్బన్‌కి ఉత్తరాన, క్వాదుకుజా అనే ఊరి దగ్గర. పాత పేరు స్టాంగర్. ఎటు చూసినా చెరకు. మేం పనిచేసింది ఒక జులు పాస్టర్ గారి కింద, "కింద" అన్న మాట కావాలనే రాస్తున్నాను. మా ప్రోగ్రామ్ మేం వేసుకోలేదు. ఎవరింటికి వెళ్ళాలో, ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు నోరు మూసుకుని కూర్చోవాలో ఆయనే చెప్పేవారు. మనం అయ్యగారు అన్నట్టు వాళ్ళు పాస్టర్‌ని ఉంఫుందిసి అంటారు, మేమూ అలాగే పిలిచాం.

ఆయన మొదటిరోజు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పిన మాట వాక్యం గురించి కాదు, మాత్రల గురించి. "స్వస్థత కోసం ఎంతసేపైనా ప్రార్థించండి. కానీ నా సంఘంలో ఎవరితోనూ మందులు ఆపేయమని అనొద్దు. అన్నారంటే అదే రోజు బస్సెక్కించేస్తాను." ప్రపంచంలో హెచ్‌ఐవీ అతి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఆ రాష్ట్రం ఒకటి. అసలు ఈ వైరస్ వల్లే ఎయిడ్స్ వస్తుందా అని ఒకప్పుడు అక్కడి ప్రభుత్వ పెద్దలే సందేహాలు లేవనెత్తుతూ కాలం గడిపారు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏఆర్‌వీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మాత్రలు, ఇవ్వడం 2004లో గానీ మొదలవలేదు. ఆలోపు లక్షలమంది పోయారు. అందుకే ఇంటింటికీ ఒక గోగో కనిపిస్తుంది, అంటే అమ్మమ్మ లేదా నానమ్మ, చనిపోయిన కూతుళ్ళ పిల్లల్ని పెంచి పెద్ద చేసిన మనిషి. ఆ మాత్రలు ప్రతిరోజూ, జీవితాంతం వేసుకోవాలి. మానేస్తే వైరస్ మళ్ళీ లేస్తుంది, వెనకే టీబీ వస్తుంది. అలాంటి చోటుకి ఎక్కడినుంచో ఒక ప్రసంగీకుడొచ్చి, స్టేజి మీద "నీకు స్వస్థత కలిగింది, మందులు పారేయ్" అని ప్రకటించి, రెండు రోజులకి విమానమెక్కి వెళ్ళిపోతే ఏమవుతుంది? ఆయన రిపోర్టులో అది ఒక అద్భుతం. ఆరునెలల తర్వాత ఆ శవపేటిక మోసేది ఉంఫుందిసి.

ఇది రాస్తుంటే కోపం వస్తోంది, దాచుకోను. మన తెలుగు రాష్ట్రాల్లో కూడా షుగర్ మాత్రలు, ఫిట్స్ మాత్రలు ఆపించిన స్వస్థత కూటాలు మనకి తెలుసు. తెలిసీ మాట్లాడం, దైవజనుల మీద నోరెత్తకూడదని. ఒక తల్లి ప్రాణం కంటే మైకు పట్టుకున్నవాడి గౌరవం ఎక్కువైపోయిందా మనకి?

మా టీమ్‌లో నర్సుగా చేసిన అక్క ఒకరు ఉన్నారు. అక్కడి లైసెన్స్ లేదు కాబట్టి సూది పట్టుకోలేదు. ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తలతో కలిసి కొండలెక్కి దిగుతూ, మాత్రలు వేసుకున్నారా లేదా అని ఇల్లిల్లూ తిరిగి కనుక్కోవడం, మంచాన పడ్డవాళ్ళకి ఒళ్ళు తుడవడం, వాళ్ళ పక్కన కూర్చుని కీర్తన పాడటం, ఇదే ఆవిడ పరిచర్య. పాట తెలుగు, వినేవాళ్ళు జులు, అయినా చెయ్యి పట్టుకుని వినేవాళ్ళు. ఇంకో తమ్ముడు ప్లంబింగ్ పని తెలిసినవాడు. ఆ ప్రాంతంలో కుళాయి నీళ్ళు రోజుల తరబడి రావు, వాననీళ్ళ కోసం పెట్టుకున్న పెద్ద ప్లాస్టిక్ ట్యాంకులే దిక్కు, వాటిని జోజో అంటారు. చూరు గొట్టాలు విరిగిపోయి ఖాళీగా ఉన్న జోజోలు బాగుచేయడంలోనే వాడికి వారాలు గడిచిపోయాయి. ఇప్పుడు చెప్పండి, వీళ్ళిద్దరి రిపోర్టులో ఏ అంకె వేయాలి?

శనివారాలు వేరే కథ. అక్కడ శనివారం అంటే అంత్యక్రియల రోజు. శుక్రవారం రాత్రంతా జాగారం, పాటలు, సాక్ష్యాలు, తెల్లారాక సమాధి, ఆ తర్వాత వచ్చిన అందరికీ భోజనం. మమ్మల్ని మొదట్లో పెట్టింది వంట దగ్గరే. మూడుకాళ్ళ ఇనప కుండల పక్కన ఆడవాళ్ళతో కూర్చుని క్యాబేజీ తరగడం, బంగాళాదుంపల తొక్క తీయడం. మా మగవాళ్ళకి కొందరికి ఇది నచ్చలేదు, వాక్యం చెప్పడానికి వచ్చాం కదా అన్నారు. ఉంఫుందిసి తొందరపడలేదు. కొన్నాళ్ళకి ఊళ్ళోవాళ్ళే మా పేర్లు పట్టి పిలవడం, వాళ్ళ ఇళ్ళల్లో ఫుతు, అమాసి పెట్టడం మొదలుపెట్టారు. ఫుతు అంటే పొడిపొడిగా వండిన మొక్కజొన్న పిండి, అమాసి అంటే చిక్కటి పులిసిన పాలు. కలుపుకుని తింటుంటే నాకు మన పెరుగన్నమే గుర్తొచ్చేది. ఆ తర్వాతే మాట్లాడమన్నారు. అప్పటికి మమ్మల్ని వినాలని వాళ్ళకి అనిపించింది కాబట్టి విన్నారు.

టీమ్ గురించి కూడా నిజం చెప్పాలి, ఎందుకంటే తిరిగొచ్చాక సాక్ష్యాల్లో అందరూ "ఏక మనసుతో" అనేస్తారు. నెలల తరబడి ఒకే ఇంట్లో, ఒకే బాత్రూమ్‌తో, ఇంటి మీద బెంగతో, ఎవరి డబ్బు ఎంత అయిపోయిందనే టెన్షన్‌తో ఉంటే ఏక మనసు దానంతటది రాదు. మాలో ఇద్దరు వాక్యం వంతు విషయంలో గొడవపడి మాటలు మానేశారు. ఉంఫుందిసికి తెలిసి ఇద్దరికీ ఒకే పని ఇచ్చారు, ట్యాంకర్ వచ్చే చోటునుంచి ముసలివాళ్ళ ఇళ్ళకి నీళ్ళు మోయడం. డబ్బా పెద్దది, ఒక్కడివల్ల కాదు. వారం తిరిగేసరికి మాట్లాడుకోక తప్పలేదు. టీమ్‌ని పంపేముందు మన పెద్దలు పాస్‌పోర్టులూ, ప్రసంగ వరాలూ చూస్తారు. గొడవపడి మళ్ళీ కలవగలడా అని చూసే కమిటీ నాకింకా కనిపించలేదు, నాకైతే అదే మొదటి అర్హత.

ఇంకో సంగతి, మనలో చాలామందికి తెలియదు. తెలుగు సంఘం విదేశానికి మిషనరీని పంపడం ఇప్పటి ఫ్యాషన్ కాదు. మద్రాసు నుంచి కూలీలతో బయల్దేరిన ట్రురో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 వరకు లక్షన్నర మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నటాల్‌కి వెళ్ళారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు, తెలుగు బాప్టిస్టులున్నారు. వాళ్ళు కాపరి కోసం ఇంటికి కబురు పెడితే, ఇక్కడి తెలుగు బాప్టిస్టు హోమ్ మిషన్ సొసైటీ 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని పంపింది. కియర్స్‌నీ తేయాకు ఎస్టేటులో ఆ ఏడాది చివర్లోనే సంఘం కట్టారు. ఆ కియర్స్‌నీ మేమున్న చోటికి దగ్గరే. రంగయ్య గారు కూలీల మధ్యే బతికి 1915లో కన్నుమూశారు. వారం రోజుల క్రూసేడ్ కాదండీ, మిగిలిన జీవితమంతా. ఆ ప్రాంతంలో ఒక పెద్దాయన మాకు తెలుగు కీర్తన ఒకటి మొదటి చరణం నుంచి చివరిదాకా పాడి వినిపించారు. తెలుగులో మాట్లాడటం మాత్రం ఆయనకి రాదు. మాలో ఎవరికీ కళ్ళు ఆగలేదు.

అక్కడికి కాస్త దూరంలోనే గ్రౌట్‌విల్. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆల్బర్ట్ లుతులి గారి ఊరు. ఆయన సంఘంలో వాక్యం చెప్పే మనిషి. 1938లో మద్రాసు దగ్గర తాంబరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకి ఆయన వచ్చారు, మన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు కూడా ఆ సభలో ముఖ్యులు. ఈ అజరయ్య గారే 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగారు. ఆ మాట అడిగించుకునే వంతు ఇప్పుడు మనది. ఆఫ్రికా వెళ్ళొచ్చి మనవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే ఫోటోలు చూడండి. చిరిగిన బట్టల పిల్లలు, పక్కన కోటు వేసుకుని మనం. కింద కామెంట్లలో వాళ్ళ రంగు మీద మాటలు, అవీ విశ్వాసులు రాసినవే. మాలపల్లి, మాదిగపల్లి నుంచి వచ్చిన మన సంఘాలు, అవమానం అంటే ఏంటో తరతరాలుగా తెలిసిన మనం, ఇంకొకళ్ళని అలా ఎలా చూడగలుగుతున్నాం?

పైగా అక్కడ భారతీయులకీ ఆఫ్రికన్లకీ మధ్య మానని గాయాలున్నాయి. 1949 జనవరి డర్బన్ అల్లర్లలో 142 మంది చనిపోయారు. 2021 జులై అల్లర్లలో, డర్బన్ దగ్గర భారతీయులు ఎక్కువగా ఉండే ఫీనిక్స్‌లో 30 మందికి పైగా పోయారు, ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. అలాంటి చోట మన ముఖాలున్న టీమ్ ఒక జులు పాస్టర్ మాట విని, ఆయన చెప్పిన పని చేయడమే సగం సువార్త. ఒక గోగో మా అక్కతో చెప్పింది, భారతీయురాలు తన ఇంట్లో తన గిన్నెలు కడగడం జీవితంలో మొదటిసారి చూశానని.

లెక్క అడగొద్దంటే జవాబుదారీతనం వద్దని కాదు నేననేది. కూలి డబ్బుల్లోంచి మా కోసం కానుక తీసిపెట్టిన అమ్మలున్నారు, వాళ్ళకి ప్రతి రూపాయి లెక్కా చెప్పాలి, చెప్పాం. నేను వద్దంటున్నది మనుషుల లెక్క. దీనికి మన చరిత్రలోనే సాక్ష్యముంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చారు. జనం బాప్తిస్మం ఇవ్వమని వెంటపడ్డారు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని నెలల తరబడి ఇవ్వలేదాయన. కరువు సాయం ముగిశాకే ఇచ్చారు, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆ 2,222 మనం ప్రతి జూబిలీలో చెప్పుకుంటాం. ఇవ్వకుండా ఆగిన ఆ నెలల గురించి ఎంతమంది చెబుతారు?

మా సంఘం మిషన్ కమిటీ వచ్చే నెల కూర్చుంటోంది. రిపోర్టు ఫారంలో "నిర్ణయాలు తీసుకున్నవారి సంఖ్య" అనే గడి తీసేయమని అడుగుతాను. దాని బదులు టీమ్ గురించి అక్కడి పాస్టర్ రాసిన ఉత్తరం జతచేయాలని, అది బాగాలేకపోతే మళ్ళీ పంపకూడదని అడుగుతాను. ఈసారి గుంపుగా కాకుండా ఇద్దరినే, కానీ రెండేళ్ళకి, సరైన వీసా మీద పంపమని కూడా. ఉంఫుందిసి అడిగింది నర్సునీ, పైపుల పని తెలిసినవాడినీ. ప్రసంగీకులు ఆయన దగ్గర ఉన్నారట. అక్క ఇప్పటికే సరే అంది. ఆవిడ ఖర్చులకి నెలనెలా కొంత ఇవ్వగలిగినవాళ్ళు ఉంటే నాకు మెసేజ్ చేయండి, వివరాలు పంపుతాను.